ఇంజన్ రైజ్ అయితే ఎక్కడ చూడాలి: ఒక షెడ్డు విద్య చరిత్ర

ఇంజన్ తనంతట తాను రైజ్ కావడం మోటారు వాహనాల వృత్తిలో అతి పాత ఫిర్యాదుల్లో ఒకటి. ఎక్సలేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్ హోరెత్తడం, కాలు తీశాక కూడా వేగం దిగకపోవడం, ఇంజన్ గట్టిగా తిరుగుతున్నా బండి సాగకపోవడం, వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడడం, వీటన్నిటినీ షెడ్డులో ఒకే మాటతో చెప్పినా వాటి మూలాలు వేరు. దాదాపు వందేళ్లపాటు మెకానిక్కులు ఆ మూలాలను చాలావరకు చెవితోనే విడదీశారు. అది సాధ్యపడడానికి కారణం ఉంది. కాలు నొక్కితే థ్రాటిల్ తెరుచుకునేది, థ్రాటిల్ తెరుచుకుంటే ఇంజన్ వేగం పెరిగేది, గేరులో ఉన్నప్పుడు ఆ వేగం కచ్చితమైన లెక్క ప్రకారం చక్రాలకు చేరేది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా శబ్దంలో తెలిసిపోయేది. పెట్రోలు ఇంజన్‌నూ కరెంటు మోటారునూ కలిపి వాడే హైబ్రిడ్ కారు ఆ వరుసనే చెరిపేసింది. ఇంజన్ ఎంత వేగంగా తిరగాలన్నది అందులో డ్రైవరు కాలుతో పాటు బ్యాటరీలో మిగిలిన చార్జ్, ఇంజన్ వేడి, రోడ్డు వాలు కూడా నిర్ణయిస్తాయి. అందుకే హైబ్రిడ్ షెడ్డుకు వచ్చినప్పుడు, జబ్బు ఏమిటన్న ప్రశ్నకు ముందు అసలిది జబ్బేనా అన్న ప్రశ్న తేలాలి.

కారు పుట్టక ముందే ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే చింత ఉంది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. రెండు ఇనుప గుండ్లు తిరుగుతూ, వేగం పెరిగినప్పుడు బయటికి విచ్చుకుని ఆవిరి దారిని తగ్గించేవి. ఆ సూత్రమే తర్వాత డీజిల్ ఇంజన్లలోకి వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల రైస్ మిల్లుల్లో, మెట్ట ప్రాంతాల బావుల మీద కరెంటు రాకముందు పనిచేసిన ఆయిల్ ఇంజన్లన్నిటికీ గవర్నర్ ఉండేది. ఇంజన్ వేగం ఒక లయలో ఎక్కుతూ దిగుతూ ఉంటే గవర్నర్ కీళ్లు అరిగాయనో, బిగుసుకున్నాయనో, డీజిల్ గొట్టంలో గాలి చేరిందనో మేస్త్రీ దూరం నుంచే చెప్పేవాడు. ఇంజన్ ఆపినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతే అది ప్రాణాంతకమైన జబ్బు. డీజిల్ ఆగిపోయినా ఇంజన్ తన సొంత ఆయిల్‌నే పీల్చి కాల్చుకుంటోందని దానికర్థం. గాలి దారి మూసేయడమో, డికంప్రెషన్ లివర్ ఎత్తడమో తప్ప దానికి మందు లేదు. ఇంజన్ హోరు వినగానే ముందు ఇంధనం ఎక్కడి నుంచి, గాలి ఎక్కడి నుంచి అని ఆలోచించే అలవాటు ఈ కాలంలోనే స్థిరపడింది. ఆ తర్వాత యంత్రం ఎంత మారినా ఆ రెండు ప్రశ్నలూ మిగిలాయి.

కార్బురేటర్ కాలంలో ఈ విద్య పరిపక్వమైంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి మారుతి 800 షెడ్డుకు వచ్చి ఇంజన్ రైజ్ అవుతోందంటే వెతకాల్సిన చోట్లు కొన్నే. చోక్ తెరుచుకోకుండా ఇరుక్కుని ఉండొచ్చు. ఎక్సలేటర్ కేబుల్ పోగులు లేచి గొట్టంలో పట్టేసి ఉండొచ్చు, లేదా థ్రాటిల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు వదులై ఉండొచ్చు. కార్బురేటర్ అడుగున ఉన్న ప్యాకింగ్ చీలి దొంగగాలి లాగుతూ ఉండొచ్చు. పరీక్షలూ అంతే సూటిగా ఉండేవి. కార్బురేటర్ నోటిని అరచేత్తో మూసినా ఇంజన్ ఆగకపోతే గాలి మరో దారిన వస్తోందన్నమాట. ఇంజన్ హోరెత్తినా బండి కదలకపోతే హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరులో వేసి, క్లచ్ వదిలేవారు. ఇంజన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగినట్టు. లోపలి శబ్దం వినడానికి పొడవాటి స్క్రూ డ్రైవర్ కొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించేవారు. ఆర్‌పీఎం మీటరు, టైమింగ్ లైటు, ఇంజన్ పీల్చే బలాన్ని చూపే వాక్యూమ్ గేజ్ పెద్ద వర్క్‌షాపుల్లో ఉండేవి. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ ముల్లు 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య కదలకుండా నిలబడితే ఆ ఇంజన్ ఆరోగ్యం మీద అనుమానం అక్కర్లేదు. చిన్న షెడ్లలో ఈ పరికరాలేవీ లేవు, అయినా పని ఆగలేదు. ఆ మెకానిక్కుల నేర్పును చదువు లేని పనితనమని తీసిపారేయడం అన్యాయం. ఒక కారణాన్ని తోసిపుచ్చి మరో కారణానికి వెళ్లే వారి పద్ధతి శాస్త్రీయ పరీక్షకు ఏ విధంగానూ తీసిపోదు.

1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వ్యాగన్ టైప్ 3 కార్లతో మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పటి నుంచి ఇంజన్‌కు ఎంత పెట్రోలు అందాలో సెన్సర్లు చూసి ఒక పెట్టె లెక్క కట్టసాగింది. తర్వాత ఐడ్లింగ్ కూడా స్క్రూ చేతిలోంచి ఆ పెట్టె చేతిలోకి పోయింది. థ్రాటిల్ మూసుకుని ఉన్నప్పుడు పక్కదారిన వెళ్లే గాలిని ఒక చిన్న వాల్వు నియంత్రించేది. ఏసీ వేసినా, స్టీరింగ్ తిప్పినా ఇంజన్ ఆగిపోకుండా కాపాడడం దాని పని. కానీ ఆ వాల్వు ఇరుక్కుంటే కాలుతో సంబంధం లేకుండా ఇంజన్ రైజ్ అయ్యేది, దాన్ని స్క్రూ తిప్పి దించే వీలు లేదు.

దీని వల్ల ఎంత గందరగోళం రేగగలదో అమెరికాలో ఆడి 5000 వివాదం చూపింది. పార్కింగ్ నుంచి గేరు మార్చగానే కారు తనంతట తాను దూకిందని డ్రైవర్లు ఫిర్యాదు చేశారు. 1986 నవంబరులో సీబీఎస్ టీవీ '60 మినిట్స్' కార్యక్రమం దాన్ని దేశమంతా చూపడంతో ఆ కంపెనీ అమ్మకాలు అక్కడ కుప్పకూలాయి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 1989లో ఇచ్చిన నివేదిక ప్రధాన కారణాన్ని తప్పు పెడల్ నొక్కడంగా తేల్చింది. బ్రేకు అనుకుని ఎక్సలేటర్ తొక్కారని దాని సారాంశం. అయితే అదే నివేదికలో మరో మాట కూడా ఉంది. ఆడి కార్లలో ఐడ్లింగ్‌ను నిలబెట్టే పరికరం లోపం వల్ల ఇంజన్ ఒక్కసారి హోరెత్తి, డ్రైవరును ఉలిక్కిపడేలా చేసి ఉండొచ్చని అది గుర్తించింది. ఈ రెండో మాటను చాలామంది మర్చిపోయారు, నిజానికి దానికే విలువ ఎక్కువ. యంత్రం చిన్న తప్పు చేస్తే మనిషి పెద్ద తప్పు చేస్తాడు. డ్రైవరు మాటను పూర్తిగా నమ్మినా, పూర్తిగా కొట్టిపారేసినా సగం నిజమే దొరికేది.

కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్ ఈ కథలోకి భద్రత కోసం రాలేదు, పొగ తగ్గించడం కోసం వచ్చింది. లాస్ ఏంజెలిస్ మీద కమ్మిన పొగమంచుతో సతమతమైన కాలిఫోర్నియా 1967లో వాయు వనరుల బోర్డును ఏర్పాటు చేసింది. 1988 మోడళ్ల నుంచి కారు తన లోపాలను తానే పట్టుకుని హెచ్చరిక దీపం వెలిగించాలని ఆ బోర్డు నియమం పెట్టింది. తొలి దశలో ఒక్కో కంపెనీది ఒక్కో ప్లగ్గు, ఒక్కో భాష. 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఓబీడీ-2 అనే ప్రమాణం తప్పనిసరి కావడంతో 16 పిన్నుల సాకెట్ ఒకటే అయింది, లోపాలను తెలిపే కోడ్లకూ ఉమ్మడి రూపం వచ్చింది. భారతదేశంలో బీఎస్-4 కాలుష్య నిబంధనల కింద ఇదే తరహా వ్యవస్థ 2010 తర్వాత దశలవారీగా తప్పనిసరైంది. ఇంజన్ వేగాన్ని అడిగే విధానం కూడా ప్రపంచమంతా ఒకటే. స్కానర్ ఒక నిర్ణీత సంఖ్యతో అడుగుతుంది, కారు రెండు బైట్లలో జవాబిస్తుంది, దాన్ని నాలుగుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. పెద్ద వర్క్‌షాపులో ఉండే ఆర్‌పీఎం మీటరు ఇలా చిన్న షెడ్డుకు, చివరికి ఫోనుకు అందింది. లోపం నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, వేడి, లోడు ఎంతున్నాయో దాచిపెట్టే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఈ వ్యవస్థలో భాగమే. షెడ్డుకు రాగానే మాయమయ్యే జబ్బుల విషయంలో దానికి మించిన సాక్ష్యం లేదు.

ఇక హైబ్రిడ్ ఆలోచన ఇవన్నీ రాకముందే పుట్టింది. వియన్నాలో లోనర్ కంపెనీ కోసం ఫెర్డినాండ్ పోర్షె 1900 ప్రాంతంలో పెట్రోలు ఇంజన్‌తో కరెంటు పుట్టించి చక్రాల్లోని మోటార్లను తిప్పే కారు చేశాడు. బెల్జియంకు చెందిన హెన్రీ పీపర్ ఇంజన్‌నూ మోటారునూ ఒకే ఇరుసుకు కలిపే ఏర్పాటుకు 1905లో అమెరికా పేటెంటు కోసం దరఖాస్తు చేస్తే 1909లో వచ్చింది. షికాగోలో 1917 నాటి వుడ్స్ డ్యూయల్ పవర్ కారు సుమారు 32 కిలోమీటర్ల వేగం దాకా కరెంటుతో, ఆ పైన పెట్రోలుతో నడిచేది. వుడ్స్ కారులో రెండు శక్తులను కలిపి విడదీసే పని డ్రైవరు చేతుల్లో ఉండేది. ఈ తొలి హైబ్రిడ్ కార్లు నిలవలేదు. 1971లో టీఆర్‌డబ్ల్యూ సంస్థ ఇంజనీర్లు బెర్మన్, గెల్బ్, రిచర్డ్‌సన్ ప్లానెటరీ గేరుతో శక్తిని రెండు పాయలుగా చీల్చే పద్ధతికి పేటెంటు పొందారు. విక్టర్ వౌక్ 1970లలో బ్యూయిక్ స్కైలార్క్ కారును హైబ్రిడ్‌గా మార్చి అమెరికా ప్రభుత్వ పరీక్షకు పెట్టాడు. ఆలోచన సరైనదే అయినా క్షణక్షణం లెక్క కట్టే కంప్యూటర్ అప్పటికి చేతికందలేదు.

టొయోటా 1990ల తొలి భాగంలో తకేషి ఉచియమడ నాయకత్వంలో జీ21 అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. 1995 టోక్యో మోటార్ షోలో నమూనా కనిపించింది, 1997 డిసెంబరులో ప్రియస్ జపాన్ మార్కెట్‌లోకి వచ్చింది. రెండేళ్లకు హోండా ఇన్‌సైట్ అమెరికా చేరింది. ఇన్‌సైట్‌లో మోటారు ఇంజన్‌కు సాయం మాత్రమే చేసేది, గేర్లూ క్లచ్చూ మామూలువే, కాబట్టి దాని శబ్దం పాత మెకానిక్‌కు అర్థమయ్యేది. అతన్ని తికమక పెట్టింది ప్రియస్.

ప్రియస్ లోపలి గేరు అమరిక తెలియకుండా దాని హోరును అర్థం చేసుకోలేరు. మధ్య గేరుకు 30 పళ్లు, దానికి ఎంజీ1 అనే చిన్న మోటారు జనరేటర్ బిగించి ఉంటుంది. బయటి వలయపు గేరుకు 78 పళ్లు, అది ఎంజీ2 అనే పెద్ద మోటారుతోనూ చక్రాలతోనూ కలిసి ఉంటుంది. ఈ రెంటి మధ్య తిరిగే చిన్న గేర్లను మోసే చట్రానికి ఇంజన్ కలుస్తుంది. పళ్ల లెక్క వల్ల ఇంజన్ బలంలో 72 శాతం వలయానికి, 28 శాతం ఎంజీ1కు పోతుంది. క్లచ్ లేదు, మారే గేర్లు లేవు, విడిగా స్టార్టర్ మోటారు లేదు. కారు ఆగి ఉన్నప్పుడు వలయం కదలదు, అప్పుడు ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే ఎంజీ1 3,600 చుట్లు తిరుగుతుంది. అంటే ఎంజీ1 వేగాన్ని మార్చడం ద్వారా కారు వేగంతో నిమిత్తం లేకుండా ఇంజన్ వేగాన్ని కంప్యూటర్ తనకు కావలసిన చోట పెట్టగలదు. ఇంజన్ కూడా మామూలుది కాదు. పీల్చుకునే వాల్వును ఆలస్యంగా మూసే అట్కిన్‌సన్ పద్ధతిలో పనిచేసే దానికి పొదుపు ఎక్కువ, తక్కువ వేగంలో బలం తక్కువ. బలం కావలసినప్పుడు వేగం పెంచక తప్పదు. ఇంతా చేసి ఆ కారు డ్యాష్‌బోర్డులో ఆర్‌పీఎం మీటరు పెట్టలేదు. ఇంజన్, మోటారు, బ్యాటరీ మధ్య శక్తి ఎటు పారుతోందో బొమ్మగా చూపారు. ఇంజన్ వేగాన్ని డ్రైవరు పట్టించుకోనక్కర్లేదన్న ఆ నిర్ణయం వెనుక తర్కం ఉన్నా, అపార్థాలకు అదే దారి తీసింది.

కొత్త యజమానులు భయపడి తెచ్చిన కార్లలో జబ్బు లేనివి తక్కువేమీ కావు. చల్లగా ఉన్న కారు స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోని కాటలిటిక్ కన్వర్టర్‌ను త్వరగా వేడెక్కించడానికి ఇంజన్ కాసేపు వేగంగా తిరుగుతుంది. బ్యాటరీ చార్జ్ దిగిపోతే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఇంజన్ లేచి చార్జ్ చేస్తుంది. మండు వేసవిలో ఏసీ ఆ బ్యాటరీ కరెంటుతోనే నడుస్తుంది కనుక ఇది ఇంకా తరచుగా జరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఒకే స్వరంలో పట్టి హోరెత్తుతుంది, కారు వేగం మెల్లగా పెరుగుతుంది. పాత కారులో ఇదే లక్షణం క్లచ్ జారడానికి గుర్తు, హైబ్రిడ్‌లో ఇది రూపకల్పనే. అన్నిటికన్నా వింతగా తోచేది ఘాట్ దిగేటప్పుడు వచ్చే హోరు. తిరుమల నుంచి దిగే వాహనాలు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో కిలోమీటర్ల కొద్దీ వాలు మీదే ఉంటాయి. ఆ వాలులో బ్రేకు శక్తితో బ్యాటరీ నిండిపోతే మిగిలిన శక్తిని ఎక్కడో ఖర్చు పెట్టాలి. అప్పుడు కారు ఎంజీ1తో ఇంజన్‌ను పెట్రోలు లేకుండానే గిరగిరా తిప్పి ఆ శక్తిని అరగదీస్తుంది. ఇంజన్ బ్రేకింగ్ కోసం ఉన్న బి మోడ్‌లో పెడితే ఇది ముందే మొదలవుతుంది. కాలు ఎక్సలేటర్ మీద లేదు, ఇంజన్ హోరెత్తుతోంది, అయినా ఒక్క చుక్క పెట్రోలు కాలడం లేదు. తొలి రెండు తరాల ప్రియస్‌లో సుమారు 67 కిలోమీటర్ల వేగం దాటితే ఎంజీ1 మితిమీరి తిరగకుండా ఇంజన్‌ను ఎలాగూ తిప్పాల్సిందే. కాబట్టి స్కానర్‌లో ఆర్‌పీఎం కనిపించినంత మాత్రాన ఇంజన్ మండుతోందని అనుకోకూడదు, ఇంజెక్టర్ల లెక్క కూడా పక్కన చూడాలి.

నిజమైన జబ్బుల్లో మొదట చెప్పుకోవలసింది ముసలిదైన బ్యాటరీ. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు వరుసగా కలిసి 201.6 వోల్టులిస్తాయి. వాటిలో ఒకటి రెండు బలహీనపడినా మొత్తం సామర్థ్యం కుంచించుకుపోతుంది. చార్జ్ మీటరు నిమిషాల్లో నిండుతుంది, నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నిండినప్పుడు పారబోయడానికి, ఖాళీ అయినప్పుడు నింపడానికి, రెండు సందర్భాల్లోనూ ఇంజన్ రైజ్ అవుతుంది. యజమాని ఇంజన్ మీద ఫిర్యాదు చేస్తాడు, జబ్బు వెనక సీటు దగ్గర ఉంటుంది. జంట మాడ్యూళ్ల వోల్టేజీలను లోడు మీద పోల్చి చూస్తే వెనకబడినది బయటపడుతుంది. ముదిరితే పీ0ఏ80 అనే కోడ్ వస్తుంది, కానీ కోడ్ కోసం ఎదురుచూసిన మెకానిక్ ఆలస్యం చేసినట్టే. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ దుమ్ముతో మూసుకుపోవడం దాని ఆయుష్షును తినే కారణాల్లో ముఖ్యమైనది, మన రోడ్ల దుమ్ములో దాన్ని ముందే శుభ్రం చేయించుకోవడం మంచిది. డ్రైవరు అలవాటు వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. ట్రాఫిక్‌లో న్యూట్రల్‌లో పెట్టి కూర్చుంటే జనరేటర్ పని చేయదు, బ్యాటరీ కరిగిపోతుంది, డ్రైవ్‌లోకి రాగానే ఇంజన్ గగ్గోలు పెడుతుంది. పాత కార్లలో పెట్రోలు ఆదా చేసిన అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది.

గాలి, పెట్రోలు ప్రశ్నలు హైబ్రిడ్‌లోనూ పోలేదు. థ్రాటిల్ బాడీ మసిబారినా, గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టినా ఇంజన్ ఇవ్వవలసిన బలం ఇవ్వదు, ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ దాన్ని మరింత వేగంగా తిప్పుతుంది. పెట్రోలు అయిపోయినప్పుడు కూడా టొయోటా హైబ్రిడ్లలో పీ3190, పీ3191 వంటి కోడ్లు వస్తాయి, వాటి భావం ఇంజన్ చాలినంత బలం ఇవ్వలేదని, లేదా స్టార్ట్ కాలేదని. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య కుదుపును మింగే డ్యాంపర్ అరిగితే స్టార్ట్, ఆఫ్ అయ్యే క్షణాల్లో గిలక్కాయ చప్పుడు వస్తుంది, దీనికి తరచు ఏ కోడూ ఉండదు, ఇక్కడ చెవే పనికొస్తుంది. మామూలుగా ఇంజన్‌ను ఆగి ఉన్న కారులో నిలకడగా నడిపి చూడడం కుదరదు కనుక కంపెనీ మెయింటెనెన్స్ మోడ్ పెట్టింది. రెండో తరం ప్రియస్‌లో ఇంజన్ వేయకుండా పవర్ ఆన్ చేసి, నిమిషంలోపు పార్కింగ్‌లో రెండుసార్లు, న్యూట్రల్‌లో రెండుసార్లు, మళ్లీ పార్కింగ్‌లో రెండుసార్లు ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి, ఆ తర్వాత స్టార్ట్ చేయాలి. ఇంజన్ సుమారు 1,000 చుట్ల దగ్గర ఆగకుండా నడుస్తుంది. అప్పుడు పాత షెడ్డు విద్య మళ్లీ చెల్లుతుంది.

2009, 2010లలో టొయోటా కార్లు తమంతట తాము దూకుతున్నాయన్న ఆరోపణలు అమెరికాను ఊపేశాయి. ఎక్సలేటర్ నుంచి థ్రాటిల్‌కు తీగ లేదు, మధ్యలో కంప్యూటరే ఉందన్న సంగతి అనుమానాన్ని పెంచింది. రోడ్డు భద్రతా సంస్థ కోరికపై నాసా ఇంజనీర్లు పది నెలలపాటు పరిశీలించారు, 2,80,000కు పైగా సాఫ్ట్‌వేర్ వరుసలు చదివారు. 2011 ఫిబ్రవరిలో వెలువడిన ఫలితం ప్రకారం ప్రమాదకరమైన స్థాయిలో థ్రాటిల్ తెరిచే ఎలక్ట్రానిక్ లోపం కనబడలేదు. గుర్తించిన లోపాలు ఇరుక్కునే పెడళ్లు, పెడల్‌కు అడ్డం పడే ఫ్లోర్ మ్యాట్లు. ఎంత ఆధునికమైన కారైనా మొదట వంగి పెడల్ కింద చూడాలన్న పాఠం అప్పటి నుంచి పరీక్ష వరుసలో పై స్థానానికి చేరింది.

భారతదేశంలో హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో వచ్చినా ధర వల్ల కొద్దిమందికే పరిమితమయ్యాయి. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, ఆ ఏడాది చివర పరిచయమైన ఇన్నోవా హైక్రాస్‌లతో ఈ సాంకేతికత మధ్యతరగతి ఇళ్ల ముందుకు చేరింది. షెడ్లకు మాత్రం ఆ వేగంతో పరికరాలు చేరలేదు. మామూలు స్కానర్ ఇంజన్ కోడ్లను చదువుతుంది గానీ మోటార్ల వేగాన్ని, బ్యాటరీ బ్లాకుల వోల్టేజీని చూడాలంటే కంపెనీ సమాచారం కావాలి. విడి భాగాలను, పరీక్ష పరికరాలను స్వతంత్ర గ్యారేజీలకు అందనివ్వలేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. హక్కుతో పాటు శిక్షణ కూడా రావాలి. రెండు వందల వోల్టులకు పైబడిన నారింజ రంగు కేబుళ్లను బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ తీయకుండా, ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

కొత్త తరంలో ఒక మార్పు మెకానిక్ పనిని మళ్లీ మారుస్తోంది. ఒకే స్వరంలో హోరెత్తే ఇంజన్ వినియోగదారులకు నచ్చడం లేదని గ్రహించిన కంపెనీలు కారు వేగంతో పాటు ఇంజన్ వేగం మెట్లుమెట్లుగా ఎక్కి దిగేలా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాయి. హోండా 2025లో ప్రెల్యూడ్‌తో తెచ్చిన ఎస్+ షిఫ్ట్ లేని గేర్లను ఉన్నట్టుగా వినిపిస్తుంది. అలాంటి కారులో ఆర్‌పీఎం హఠాత్తుగా పడడం, లేవడం కావాలని చేసిన పనే. కాబట్టి పరీక్షకు ముందు కారు ఏ మోడ్‌లో ఉందో చూసుకుని, మామూలు మోడ్‌లోకి మార్చి, ఇంజన్ వేగం, జనరేటర్ వేగం, బ్యాటరీ చార్జ్ మూడింటినీ ఒకే తెర మీద పెట్టుకుని నడిపి చూడాల్సి వస్తోంది.